రెండో పిలుపు

గ్రీసు దేశం దక్షిణ కొసన ఉన్న మా మాని గడ్డమీద ఎవరినైనా ఒక్కసారి పిలిచి చూడండి, పలికితే నన్నడగండి. గుమ్మం ముందు నిలబడి కన్నతల్లి పిలిచినా సరే, మొదటి పిలుపుకి ఇంట్లోవాళ్ళు ఉలకరు, పలకరు. చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. చెవులు రిక్కించుకుని రెండో పిలుపు కోసం చూస్తారు. అది వస్తే పిలిచింది మనిషని అర్థం, "వస్తున్నా, ఏమిటా తొందర" అని విసుక్కుంటూ లేస్తారు. రాకపోతే ఆ పూటకి గడప దాటరు. దిక్కులేని చావు చచ్చి, మట్టికి కూడా నోచుకోనివాడు తిరుగుతూ ఉంటాడని, వాడికి ఒక్కసారి పిలిచే ఓపికే ఉంటుందని, ఆ ఒక్క పిలుపుకి పలికినవాళ్ళు ఎంతో కాలం బతకరని మావాళ్ళ నమ్మకం.

దీనివల్ల ఇంకో సుఖం కూడా ఉందనుకోండి. ఉప్పు సర్కారు సొత్తు. ఎండాకాలంలో ఒడ్డున బండల గుంటల్లో సముద్రపు నీళ్ళు పోసి, ఎండాక ఆ ఉప్పు గీక్కుంటే దొంగతనం కింద లెక్క. ఉప్పు కాపలా జవాను కొండమీద నక్కి, ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లు కనుక్కుని, ఎవరో ఒకరు పలక్కపోతారా అని పైనుంచి కేకేస్తాడు. పలికే వెర్రిబాగులది మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. దయ్యానికీ జవానుకీ మా దగ్గర ఒకటే మర్యాద.

మా ఊళ్ళో గరుఫల్య అనే ఆవిడకి భయమంటే ఏమిటో తెలియదని ఊరంతా అనేవారు. మనిషి ఎండు కట్టెలా ఉండేది. ఒంటిమీద ఎప్పుడూ విధవరాలి నల్లబట్టలే. నాలుక మాత్రం మహా పదును. ఒకసారి ఉప్పు జవాను దారిలో అడ్డం పడి ఆవిడ గంప పట్టుకుంటే, "తీసుకెళ్ళు నాయనా, మీ ఆవిడ వంటలో ఉప్పు లేదని నీ మొహం చూస్తేనే తెలుస్తోంది" అందట. వాడు గంప వదిలేసి చక్కా పోయాడు. పాము కనిపిస్తే రాయి తీసుకునేదే గాని వెనకడుగు వేసేది కాదు. అలాంటి మనిషికి ఒక్కటంటే ఒక్క భయం ఉండేది. అది వువి.

వువి అంటే మా మాటలో మూగది. ఊరి కింద కొండ నిలువునా తెగిపోయినచోట సముద్రం లోపలికి దూరి కూర్చున్న చిన్న మూల. మేకలు దిగే దారి తప్ప అక్కడికి దారి లేదు. ఒక ఇల్లు లేదు, పడవ కట్టుకునే రాయి లేదు. మూడు పక్కలా కొండ గోడలు, అడుగున గులకరాళ్ళు, ఎడమ పక్కన నీళ్ళని మింగుతూ కక్కుతూ ఉండే గుహ. అక్కడ ఎంత గొంతు చించుకున్నా పైన ఊళ్ళోకి వినబడదు. మాట ఆ గోడలకే కొట్టుకుని, ఎటునుంచి వచ్చిందో తెలియకుండా తిరుగుతుంది. గరుఫల్య అత్తవారి ఉప్పు గుంటలు ఆ వువిలో ఉన్నాయి. మా దగ్గర ఎవరి గుంటలు వాళ్ళవే. పక్కవాళ్ళ గుంటలో చెంచా పెడితే తుపాకులు లేస్తాయి. అందుకని ఎంత భయమైనా ఆవిడ అక్కడికే దిగాలి.

ఆ భయం ఎందుకో అందరికీ తెలుసు, ఆవిడ ముందు మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. కొడుకు లిగోరిస్ ఇంకా పాలు మరవని రోజుల్లో, మొగుడు జఖారియాస్ వల తీయడానికి పడవేసుకుని వువికి వెళ్ళాడు. ఈవిడ గుంటల దగ్గర ఉప్పు గీకుతోంది. మిట్టమధ్యాహ్నం వేళ. గుహ వైపునుంచి "గరుఫల్యా" అని వినిపించింది. జఖారియాస్ గొంతే. లేవబోయి ఆగింది. రెండో పిలుపు కోసం చూసింది. ఎంతసేపు చూసినా రాలేదు. పై ప్రాణాలు పైనే పోయి, గంప అక్కడే పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా కొండెక్కి ఇంట్లో తలుపేసుకుంది. సాయంత్రానికి పడవ చెక్కలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు. ఆయన ఖాళీ కోటు మంచంమీద పరిచి దానికే ఏడ్చారు, దాని పేరనే గోధుమ గుగ్గిళ్ళు వండి పంచారు.

ఊరు ఊరంతా ఆవిడకి చెప్పింది ఒకటే మాట. "పిచ్చిదానా, వాడు అప్పటికే పోయాడు. నిన్ను పిలిచింది వాడు కాదు. నువ్వు పలికుంటే ఆ పసివాడికి తల్లి కూడా దక్కేది కాదు. మంచి పని చేశావు." పక్కింటి కనెల్లా అయితే ఆ కొత్తల్లో రోజూ వచ్చి చెప్పేది. గరుఫల్య ఆ మాట పట్టుకునే బతికింది. అది లేకపోతే ఎన్నడో ఆ గుహలో దూకేసి ఉండేది. కాని వువికి దిగిన ప్రతిసారీ ఒకటే బెదురు, ఆయన మళ్ళీ పిలుస్తాడేమోనని. చెయ్యి ఉప్పు గీకుతున్నా చెవి గుహ దగ్గరే ఉండేది. నీళ్ళు లోపలికి వెళ్ళి గుడగుడలాడినప్పుడల్లా ఒళ్ళు జలదరించేది.

అలా ఏళ్ళు గడిచాయి. లిగోరిస్ ఓడ పనికి వెళ్ళి, పిరయస్ పట్నంలో మరియంథి అనే పిల్లని పెళ్ళి చేసుకుని, తీసుకొచ్చి తల్లి దగ్గర దింపాడు. "అమ్మా, దీనికి మన పద్ధతులు తెలియవు. నేను తిరిగొచ్చేదాకా దీన్ని నీ చేతుల్లో పెడుతున్నా" అని చెప్పి మళ్ళీ ఓడెక్కాడు.

పిల్ల గలగలా మాట్లాడే రకం. వచ్చిన మర్నాడు నీళ్ళ తొట్టి దగ్గరనుంచి "అత్తమ్మా" అని పిలిచింది. వాకిట్లో గరుఫల్య, కనెల్లా చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. ఇద్దరూ రాతిబొమ్మల్లా బిగుసుకుపోయారు. పిల్ల దగ్గరికొచ్చి వాళ్ళ మొహాలు చూసి బావురుమంది.

"నేనేం తప్పు చేశాను? పిలిస్తే పలకను కూడా పలకరా?"

"ఒకసారి పిలిస్తే మేం పలకం తల్లీ," అంది కనెల్లా. "దయ్యం ఒక్కసారే పిలుస్తుంది. మనిషైతే రెండోసారి పిలుస్తాడు."

"మా పిరయస్‌లో మొదటి కేకకే పలక్కపోతే ట్రాము వెళ్ళిపోతుంది."

"ఇక్కడ ట్రాము లేదులే, దయ్యమే ఉంది," అంది గరుఫల్య.

పిల్ల కళ్ళు తుడుచుకుని, అప్పటికప్పుడు "అత్తమ్మా అత్తమ్మా" అని గబగబా పిలిచి చూపించింది.

"అలా కాదే," అంది గరుఫల్య. "రెండూ కలిపేస్తే ఒకటే లెక్క. ఒకసారి పిలువు. ఆగు. నిండా ఊపిరి తీసుకో. అప్పుడు రెండోసారి పిలువు. చచ్చినవాడికి ఊపిరుండదు కదా, మధ్యలో తీసుకోలేడు. నువ్వు తీసుకున్నావని మాకు తెలియాలి."

"అత్తమ్మా," అని పిలిచి, బుగ్గలు ఉబ్బేదాకా గాలి పీల్చి, కళ్ళు పెద్దవి చేసుకుని, "అత్తమ్మా" అంది మరియంథి. కనెల్లా పొట్ట పట్టుకుని నవ్వింది. గరుఫల్య మూతి బిగించుకుంది గాని ఆవిడకీ నవ్వొచ్చింది. ఆ రోజునుంచి పిల్ల పొరపాటున కూడా తప్పలేదు. పిలవడం, ఆగడం, ఊపిరి, మళ్ళీ పిలవడం. ఊళ్ళో పుట్టినవాళ్ళకంటే శుద్ధంగా చేసేది.

మాట విననిదల్లా ఒక్క బూట్ల దగ్గరే. లిగోరిస్ కొనిపెట్టిన లేసుల బూట్లవి. ఉప్పు బండలమీద అందరం వట్టికాళ్ళతో నడుస్తాం, ఈ పిల్ల మాత్రం బూట్లతోనే దిగేది.

"ఏమేవ్ పట్నం రాణీ, నీ కాళ్ళు చూసి సముద్రం మురిసిపోతుందనుకున్నావా?" అనేది గరుఫల్య.

"మీ అబ్బాయి మురిసిపోయాడు కదా అత్తమ్మా, అది చాలు," అనేది పిల్ల. ఆవిడకి కోపం రావాల్సిందే, కాని రాలేదు. మగదిక్కు లేని ఇంట్లో ఇన్నేళ్ళకి ఒక మనిషి మాటకి మాట చెప్పడం ఆవిడకి లోపల్లోపల బాగుండేది.

ఆగస్టు నెలాఖరు. అత్తాకోడళ్ళిద్దరూ వువిలో ఉప్పు గీకుతున్నారు. గాలి ఆడటం లేదు. సముద్రం పైకి నూనె పోసినట్టు నిమ్మళంగా ఉంది, కాని అడుగునుంచి పొంగుతోంది. దక్షిణాన ఎక్కడో దూరంగా గాలి లేచిందంటే, ఆ గాలికంటే ముందు అల వచ్చి మా గుమ్మంలో కూర్చుంటుంది. గరుఫల్య అది గమనించింది. చేతికందినంత గీక్కుని తొందరగా కొండెక్కేద్దామనుకుంది.

"అడ్డంగా పొడుచుకొచ్చిన ఆ ముక్కురాయి అవతల గుంటల్లో ఉప్పు మల్లెపూవులా పేరుకుంది అత్తమ్మా. నేను గీక్కొస్తా," అంది మరియంథి.

"వద్దు. గుహ పక్కకి పోకు."

"మామగారు నన్నేం చేస్తారు? కోడల్ని కదా. పెళ్ళి కట్నం చదివించలేదని నేనే ఆయన్ని అడగాలి."

గరుఫల్య కొట్టేదానిలా చెయ్యెత్తింది. "నోరు మూసుకో. ఆయన్ని ఇక్కడ తలవకు."

పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. గంప తీసుకుని ముక్కురాయి అవతలికి వెళ్ళిపోయింది. గరుఫల్య వెనక్కి పిలిచి ఉంటే బాగుండేది. కాని భయాన్ని కోపంగా చూపించేవాళ్ళతో ఇదే చిక్కు, అరిచాక ఇంక మంచి మాట నోటికి రాదు. గరుఫల్య వంగి గీకడం మొదలుపెట్టింది.

ఒక అల గుహలోకి వెళ్ళి దబ్బున కొట్టుకుంది. ఇంకోటి దానికంటే పెద్దది వచ్చి ఆవిడ పాదాల దాకా నురుగు తెచ్చింది. ఆ నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు వినిపించింది.

"అత్తమ్మా."

చెంచా బండమీద ఆగిపోయింది. ఆవిడ లేవలేదు, తల తిప్పలేదు. రెండో పిలుపు కోసం చూసింది. నీళ్ళు వచ్చాయి, పోయాయి. ఎక్కడో ఒక పిట్ట అరిచింది. రెండో పిలుపు రాలేదు.

కోడలు పద్ధతి తప్పే పిల్ల కాదు. పిల్లే పిలిచి ఉంటే ఈపాటికి రెండోసారి పిలిచేది. కాబట్టి పిలిచింది పిల్ల కాదు. ఆయనైతే "గరుఫల్యా" అంటాడుగాని "అత్తమ్మా" అని ఎందుకంటాడు? చచ్చినవాళ్ళు బతికున్నవాళ్ళ గొంతులు అరువు తెచ్చుకుంటారని కనెల్లా చెప్పేది. తన గొంతుతో పిలిస్తే ఇన్నేళ్ళూ పలకలేదని ఇప్పుడు కోడలి గొంతుతో పిలుస్తున్నాడా? ఆవిడకి నడినెత్తిన ఎండ కాస్తుంటే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

నోరు విప్పకుండా అడిగే దారి ఒకటుంది మాకు. పలికినట్టు కాకుండా, రాయిమీద డబ్బా రెండుసార్లు కొడతాం. మనిషైతే తిరిగి కొడతాడు. ఆవిడ నీళ్ళు తోడే రేకు డబ్బా తీసి బండమీద కొట్టింది. ఆగి మళ్ళీ కొట్టింది. ఆ చప్పుడు మూడు గోడలకీ తగిలి తిరిగి ఆవిడ దగ్గరికే వచ్చింది. అవతలినుంచి ఏమీ లేదు.

కాళ్ళు వాటంతట అవే దారి పట్టాయి. మేకల దారిలో కొంత ఎక్కేసింది కూడా. దారి పక్కన నీడలో ఇద్దరి అన్నం మూట కనిపించింది. రొట్టె, ఎండు అంజూరాలు, ఉప్పులో ఊరిన ఆలివ్ కాయలు. పొద్దున పిల్ల ఆకలిగా ఉందంటే "పని కాకుండా తిండేమిటి" అని తనే వద్దంది. ఆవిడ అక్కడ ఆగిపోయింది. అప్పుడూ ఇదే దారి, ఇదే మలుపు. అప్పుడూ ఇలాగే ఎక్కింది. ఇప్పుడు ఇంటికి వెళ్ళి తలుపేసుకుంటుంది. సాయంత్రం ఏది ఒడ్డుకి కొట్టుకొస్తుంది? లిగోరిస్ వచ్చి "దాన్నేం చేశావమ్మా" అని అడిగితే, పిలిచింది దయ్యమనుకున్నానని చెప్పాలా?

చావంటే ఆవిడకి ఎంత భయమో ఆ క్షణంలో తెలిసింది. ఛాతీమీద సిలువ గుర్తు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఇదే ఆఖరిమాట అనుకుని పలికింది.

"వస్తున్నానే."

ఏమీ జరగలేదు. గుండె ఆగలేదు. పట్టుకుపోవడానికి ఎవరూ రాలేదు. ఆవిడ కళ్ళు తెరిచి, దారి కూడా చూసుకోకుండా జారుకుంటూ, చేతులు కాళ్ళు దోక్కుపోతూ కిందికి పరిగెత్తింది. ముక్కురాయి పట్టుకుని అవతలికి తిరిగేసరికి ముందు గంప కనిపించింది, నీళ్ళమీద తిరగబడి తేలుతోంది. తర్వాత పిల్ల కనిపించింది. పాచిమీద కాలు జారినట్టుంది, రెండు బండల సందులో మోకాలి పైదాకా దిగబడిపోయింది. సగం వంగిన మనిషి లేవలేక తల వెనక్కి వాల్చి ఆకాశంలోకి చూస్తోంది. అల వచ్చి మొహంమీదుగా పోతోంది. అల తీసినప్పుడు నోరు తెరుచుకుంటోంది, మాట రావడం లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఉన్నానే, ఉన్నాను," అంటూ గరుఫల్య నీళ్ళలోకి దిగింది. ఆవిడకి ఈత రాదు. మా ఆడవాళ్ళలో ఎవరికీ రాదు. సముద్రానికి వీపు పెట్టి, అల ముందు తనకి తగిలేలా నిలబడి, పిల్ల చంకల్లో చేతులు వేసి లాగింది. కదల్లేదు. ఇంకో అల వచ్చి ఇద్దరినీ బండకేసి కొట్టింది. ఆవిడ చెయ్యి కిందికి పోనిచ్చి తడిమింది. కాలు కాదు ఇరుక్కున్నది, బూటు. మడమ బండ కింద మేకులా దిగిపోయి ఉంది.

మొలలో ఉప్పు చెక్కే కత్తి ఉంది. అది తీసి, ఊపిరి బిగబట్టి, తల నీళ్ళలో ముంచింది. గుహలో నీళ్ళ గుడగుడ చెవుల్లోకే వచ్చి పడింది. ఇన్నేళ్ళూ పైనుంచి విని వణికిన చప్పుడు అది. ఆయన ఇక్కడే ఉన్నాడని, ఇప్పుడు తన జుట్టు పట్టుకుంటాడని అనిపించింది. అనిపిస్తూనే ఉంది, ఆవిడ లేసులు కోస్తూనే ఉంది. తడి లేసు తెగదు. పట్టి పట్టి కోసింది. తలెత్తి గాలి పీల్చుకుని మళ్ళీ మునిగింది. ఆఖరికి కాలు బూటులోంచి ఊడి వచ్చింది, చర్మం సగం అక్కడే పోయింది. పిల్లని ఈడ్చుకుంటూ గులకరాళ్ళమీద పడేసి, బోర్లా తిప్పి, వీపుమీద పిడికిళ్ళతో గుద్దింది.

మరియంథి నీళ్ళు కక్కింది. దగ్గింది. మళ్ళీ కక్కింది. తర్వాత ఆ గులకరాళ్ళు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు వినగానే గరుఫల్యకి భయమంతా కోపమైపోయింది.

"ఒక్కసారే పిలిచావేమే? రెండోసారి ఎందుకు పిలవలేదు? బండలా బిగుసుకుపోయాను. ఇంటికి పోబోయాను తెలుసా? నీ శవాన్ని చూసుకునేదాన్ని."

పిల్ల ఒళ్ళంతా వణుకుతోంది. మాట విరిగి విరిగి వచ్చింది.

"మీరు నేర్పినట్టే పిలిచాను అత్తమ్మా. ఒకసారి పిలిచాను. ఆగాను. ఊపిరి తీసుకుంటున్నాను. అప్పుడు నీళ్ళొచ్చేశాయి. నోరంతా నీళ్ళే. మళ్ళీ పిలవడానికి కుదర్లేదు."

గరుఫల్య పిల్ల జుట్టులోంచి నీళ్ళు పిండుతోంది. ఆ చేతులు అలాగే ఉండిపోయాయి.

"మీకు కోపం వచ్చిందా అత్తమ్మా? బూట్లు తీసేయమంటే తీయలేదు..."

ఆవిడ వినడం లేదు. జఖారియాస్ ఈ ఊరివాడే. ఈ పద్ధతిలోనే పుట్టి పెరిగినవాడు. పెళ్ళాం మొదటి పిలుపుకి పలకదని అతనికి తెలుసు. అందుకని ఒకసారి పిలిచి, ఆగి, రెండోదానికి ఊపిరి తీసుకోబోయి ఉంటాడు. అప్పుడు తను అదే గుంటల దగ్గర, అంత దూరంలోనే, చెంచా పట్టుకుని ఆగిపోయి ఉంది. మంచి పని చేశావని ఊరంతా చెప్పింది. కనెల్లా రోజూ చెప్పింది. వాళ్ళెవరూ అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కాని ఆ రోజు ఆవిడని పిలిచింది చచ్చినవాడు కాదు.

ఆవిడ మెల్లగా లేచింది. తడి బట్టలు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. గుహ ఎదురుగా నీళ్ళ అంచు దాకా నడిచి నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ వైపు తిరిగి నిలబడటం అదే మొదటిసారి.

"ఆఁ," అంది. ఆగి, నిండా ఊపిరి తీసుకుంది. మళ్ళీ అంది. "ఆఁ, ఇక్కడే ఉన్నాను. వస్తున్నా."

మరియంథి మోచేతులమీద లేచి భయంగా చూసింది. "ఎవరితో మాట్లాడుతున్నారు అత్తమ్మా?"

"మీ మామగారితో," అంది గరుఫల్య. "ఎప్పుడో పిలిచాడు. నేనే ఇంకా పలకలేదు."